అడ్మిట్ల కాలంలో అమ్మలుకి ఉత్తరం

కాకినాడ,
మార్చి 24

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. తెల్లవారుజామున రెండున్నరకి అలారం పెట్టుకుని లేచి మెయిల్ చూసుకుంటున్నావట. అక్కడ అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో సాయంత్రం ఐదు అప్పుడే కదా, ఆఫీసు మూసేలోగా పంపేస్తారని ఎవరో చెప్పారట. ఏమీ రాకపోతే నిద్రపట్టక అరుగు మీద కూర్చుంటున్నావని చెప్పి ఏడ్చింది.

కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కి ఎనిమిది కాలేజీలకు అప్లై చేశావు. మూడు రిజెక్టులు, ఒక వెయిట్‌లిస్టు, కన్సల్టెన్సీ వాళ్లు పట్టుబట్టి పెట్టించిన కాలేజీ నుంచి ఒక అడ్మిట్. మిగతా మూడు ఇంకా నోరు విప్పలేదు. ఇదంతా ఒక ఎత్తు, నీకంటే జీపీఏలో ఒక పాయింటు తక్కువున్న నీ క్లాస్‌మేట్‌కి నిన్ను కాదన్న చోటే సీటు రావడం ఒక ఎత్తు. నిన్ను తినేస్తున్నది అదేనని అమ్మ చెప్పకపోయినా నాకు తెలుసు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

పదిహేనేళ్ల కిందటి సంగతి ఒకటి చెబుతాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. రీసెర్చ్ స్కాలర్లను ఎంపిక చేసే కమిటీలో నన్ను కూర్చోబెట్టారు. ఎక్కడన్నది నీకు అక్కర్లేదు. సీట్లు ఆరు, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్లు పంతొమ్మిది మంది. సాయంత్రానికి బల్ల మీద ఫైళ్లు మూడు దొంతరలయ్యాయి. ముగ్గురిని తీసుకోవాల్సిందే, దాని మీద వాదన లేదు. ఐదుగురు చాలరు, దాని మీదా వాదన లేదు. మధ్యలో పదకొండు మంది, వాళ్లకి మిగిలిన సీట్లు మూడు. ఆ పదకొండు మందిలో ఎవరిని తీసుకున్నా తప్పు పట్టేవాళ్లు లేరు. అక్కడి నుంచి మేం మార్కుల మొహం చూడలేదు. నెట్‌వర్క్స్‌లో ఇప్పటికే ఇద్దరు ఉన్నారు కదా, ఇమేజ్ ప్రాసెసింగ్ సార్ దగ్గర ఒక్కరూ లేరు కదా, ఫలానా ఆయన రెండేళ్లలో రిటైరవుతారు కదా, ఇవీ మా లెక్కలు. అరగంటలో తేల్చేశాం.

రామచంద్రపురం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఆ పదకొండు మందిలో ఉంది. తొలి బస్సుకి వచ్చింది. అడిగినదానికి తొణక్కుండా జవాబు చెప్పింది. తనది నెట్‌వర్క్స్. అక్కడ ఖాళీ లేదు, వదిలేశాం. నేను మెట్లు దిగుతుంటే ఎదురొచ్చి, "మేడమ్, నాలో ఏం తక్కువైంది?" అని అడిగింది. కమిటీలో మాటలు బయటికి చెప్పకూడదు. ఏదో ఒకటి చెప్పి పంపాలని, "మ్యాథ్స్ కాస్త గట్టి చేసుకో అమ్మా" అన్నాను. తల ఊపి, చేతిలో ఉన్న ఫైలు తిప్పి, వెనక అట్ట మీద పెన్నుతో "మ్యాథ్స్" అని రాసుకుంది. కింద రెండు గీతలు గీసింది.

ఆ పిల్ల మ్యాథ్స్‌కి ఏ లోటూ లేదు. ఆ రెండు గీతలు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటాయి.

నీకు ఆ మూడు కాలేజీలూ కారణం చెప్పలేదు. ఇక చెప్పవు కూడా. అందుకని నువ్వే తయారు చేసుకుంటున్నావు. ఎందుకు చదవాలనుకుంటున్నావో రాసిన ఎస్‌ఓపీ సరిగ్గా కుదరలేదు, భీమవరం కాలేజీ అనగానే పక్కన పడేశారు, జీఆర్‌ఈలో నాలుగు మార్కులు తగ్గాయి. మీ నాన్న లెక్కలో పేపరు పబ్లిష్ చెయ్యకపోవడం. ఎదురింటివాళ్ల లెక్కలో ఇంకేదో. వీటిలో ఒక్కదాన్నీ అట్ట మీద రాసుకోకు తల్లీ. నీ ఫైలు ఏ దొంతరలో ఉందో, ఆ రోజు ఎవరి దగ్గర చోటుందో వీళ్లెవరికీ తెలియదు. నీ ఎస్‌ఓపీ నేను చదివాను. బాగుంది.

మనకి ఈ బాధ ఎక్కువ, ఎందుకంటే మనం ర్యాంకులతో పెరిగినవాళ్లం. నాలుగేళ్ల కిందట తాడేపల్లిగూడెం నిట్‌లో సీఎస్‌ఈ ఎందుకు రాలేదో నీకు స్పష్టంగా తెలుసు. ప్రతి రౌండ్‌కీ ఏ ర్యాంకు దగ్గర ఆగిందో నిట్ సీట్లు కేటాయించే జోసా వాళ్లు బయట పెడతారు. నీ ర్యాంకు దాని అవతల ఉంది. రెండ్రోజులు ఏడ్చావు, మూడోరోజు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి ఆప్షన్లు పెట్టుకున్నావు. అమెరికాలో ఆ చివరి ర్యాంకు అనేదే ఉండదు. మార్కులు గుమ్మం దాకా తీసుకెళ్తాయి. లోపల నీ ఫైలు ఎవరు చదివారు, నీ ఆసక్తి వాళ్లకి ఈ ఏడాది అవసరమా కాదా, ఎంతమందికి పాఠం చెప్పగలరు, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. పైగా కంప్యూటర్ సైన్స్‌కి ఉన్నంత తోపులాట మరే బ్రాంచికీ లేదు. 2015 ఫిబ్రవరిలో కార్నెగీ మెలన్ వాళ్ల కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లో సీటు రానివాళ్లు సుమారు 800 మందికి పొరపాటున అడ్మిట్ మెయిళ్లు వెళ్లి, కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. అప్పుడు పేపర్లలో వచ్చిన లెక్క ఇది: 1,200 మందికి పైగా అప్లై చేస్తే తీసుకునేది సుమారు వంద మందిని. మిగిలిన ఆ 1,100 మందీ పనికిరానివాళ్లే అంటే ఎవరు నమ్ముతారు? (ఆ వార్త చదివాక నా స్టూడెంట్లకి ఒకటే చెప్పేదాన్ని. మెయిల్ చూసిన నిమిషంలో స్వీట్లు పంచకండి, పోర్టల్‌లో లెటర్ కనపడనివ్వండి.)

సీటొచ్చిన ఆ క్లాస్‌మేట్ కుర్రాడితో మాట్లాడటం మానేశావట. వద్దు. వాడు నీ సీటు లాక్కోలేదు. వాడి ఫైలు ఇంకో బల్ల మీద, ఇంకొకరి చేతిలో పడింది. అంతే. ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పు. ఒకటి రెండు రోజులు కష్టంగా ఉంటుంది.

ఇక చెయ్యాల్సిన పనులు. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి పడుకో. పొద్దున కాఫీ తాగాక ఒకసారి చూసుకో. రెండున్నరకి వచ్చిన మెయిల్‌కి రెండున్నరకే జవాబివ్వమని ఏ కాలేజీ అడగదు.

వెయిట్‌లిస్టు కాలేజీకి ఒక పేజీ ఉత్తరం రాయి, ఒక్కటే. వాళ్ల యూనివర్సిటీ ఎంత గొప్పదో వాళ్లకే చెప్పకు. డిసెంబరులో అప్లై చేశాక నువ్వు కొత్తగా చేసింది రాయి. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో ముందుగా పసిగట్టే ప్రాజెక్టు ఉందిగా, అప్పటికి అది సగంలో ఉంది. ఇప్పుడు నాలుగు చెరువుల దగ్గర నడుస్తోంది. ఏ రాత్రి అది మోగింది, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు రైతు ఎప్పుడు వేశాడు, ఆ వివరం రాయి. సీటిస్తే తప్పకుండా వస్తానన్న మాట, నిజంగా వెళ్లేట్టయితేనే రాయి.

చేతిలో ఉన్న అడ్మిట్ సంగతి. సోమవారంలోపు డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందని కన్సల్టెన్సీ అంటోందట. ఏప్రిల్ 15 దాకా టైముంటుందని నీ ఫ్రెండ్స్ అంటున్నారట. ఇద్దరి మాటా పట్టుకోకు. ఏప్రిల్ 15 అన్నది అక్కడి చాలా యూనివర్సిటీలు కలిసి చేసుకున్న ఒప్పందం, అదీ స్టైపెండ్, అసిస్టెంట్‌షిప్ ఇచ్చే ఆఫర్లకి. సొంత డబ్బుతో చదివే మాస్టర్స్‌కి ఎవరి గడువు వాళ్లదే. అది అడ్మిట్ లెటర్‌లో ఉంటుంది. లేకపోతే కాలేజీకే నేరుగా మెయిల్ పెట్టి అడుగు, తిరిగిస్తారా లేదా కూడా అడుగు. కొన్ని కాలేజీల నుంచి కన్సల్టెన్సీలకి ఒక్కో స్టూడెంట్‌కి ఇంత అని కమిషన్ వస్తుంది. అందుకే ఆ తొందర.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మీ నాన్న కొబ్బరితోట కాగితాలు బయటికి తీశాడని అమ్మ చెప్పింది. 1996 నవంబరు తుఫానుకి ఆ తోటలో నిలబడిన చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పడిన మానుల మధ్య గోతులు తవ్వి, మొక్కలు పెట్టి, మీ తాతగారూ ఆయనా మళ్లీ పెంచారు. మంచి కాలేజీ వస్తే తోట మీద లోన్ తీసుకోండి, నేనే హామీ సంతకం పెడతాను. కానీ మూడు రిజెక్టుల ఉక్రోషంలో, పేరు కూడా సరిగ్గా తెలియని కాలేజీకి తాకట్టు పెట్టనివ్వకు. రెండేళ్ల ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టు. ఆయన నిన్ను అడగడు. నువ్వే పెట్టాలి.

ఈ ఏడాది వెళ్లకపోతే? గేట్ రాశావు, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఎం.టెక్.‌లో చేరితే నెలకి 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది. ఐఐటీల ఎం.టెక్. ఆఫర్లు వచ్చే కోఆప్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ గడువు ఇవాళే చూసుకో. ఉద్యోగంలో చేరి చదువుకుంటానంటే జార్జియా టెక్ 2014 జనవరి నుంచి కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ఆన్‌లైన్‌లో నడుపుతోంది. క్యాంపస్ ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. లేదా వచ్చే డిసెంబరులో మళ్లీ పెడదాం, ఎనిమిది కాదు, నువ్వు నిజంగా వెళ్లాలనుకునే ఐదు.

ఆదివారం ఎదుర్లంక వంతెన మీదుగా పది గంటలకల్లా అమలాపురం వచ్చేస్తాను. కాజాలు తెస్తాను. వెయిట్‌లిస్టు ఉత్తరం చేత్తో రాసి ఉంచు, కలిసి దిద్దుదాం. ఖర్చుల కాగితం కూడా సిద్ధం చెయ్యి. తోట సంగతి మీ నాన్నతో నేను ఉండగానే మాట్లాడదాం. అప్పటిదాకా ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు.

మీ పెద్దమ్మ