పంచాయతీ తీర్మానంతో వైన్స్ ఆగుతుందా? మా ఊళ్లో జరిగింది చెబుతాను

మీరు అడిగింది ఇది: మండల కేంద్రంలో ఊరి బయట ఉన్న వైన్స్‌ను బడి ఎదుటి వీధిలోకి మార్చడానికి లైసెన్సుదారు ముల్గీ (దుకాణం గది) మాట్లాడుకున్నాడు, గ్రామ పంచాయతీ ఏకగ్రీవంగా తీర్మానం చేస్తే అది ఆగుతుందా అని. ఒక్క తీర్మానంతో ఆగదండి. 2019 నుంచి 2024 వరకు మా పంచాయతీలో వార్డు సభ్యుడిగా ఉన్నాను, దాదాపు ఇదే తగాదాలో నాలుగు వారాలు ఆఫీసుల చుట్టూ తిరిగాను. అందులో ఏది పనికిరాలేదో, ఏది పనికొచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందుగా అధికారం ఎవరిదో తెలియాలి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మద్యం 8వ అంశం. తయారీ, రవాణా, అమ్మకం అన్నీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి. 1968 నాటి ఎక్సైజ్ చట్టమే ఆంధ్రప్రదేశ్‌కూ, విభజన తరువాత తెలంగాణకూ ఆధారం. ఏ ఊరికి ఎన్ని ఏ-4 దుకాణాలు (మనం వైన్స్ అనే చిల్లర మద్యం దుకాణాలు) అన్నది ఆబ్కారీ శాఖ గెజెట్‌లో ప్రకటిస్తుంది, జిల్లా కేంద్రంలో లాటరీ తీస్తారు. ఇందులో సర్పంచ్ సంతకం అవసరమయ్యే చోటు ఒక్కటీ లేదు. మహారాష్ట్రలో సంగతి వేరు. అక్కడ మహిళా ఓటర్లలో నాలుగోవంతు మంది కోరితే రహస్య ఓటింగు పెడతారు, నిలువు సీసా గుర్తు అంటే దుకాణం ఉండాలని, పడుకున్న సీసా గుర్తు అంటే మూసేయాలని. మనకు అలాంటి ఏర్పాటు లేదు. ఒక్క మినహాయింపు ఏజెన్సీ ప్రాంతం. మీ మండలం షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తే 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇచ్చింది. అప్పుడు మీ తీర్మానానికి బలం ఉంటుంది, మిగతాదంతా చదవనక్కర్లేదు.

మా ఊరు ఏజెన్సీలో లేదు. 2021 నవంబరులో తెలంగాణ అంతటా 2,620 దుకాణాలకు లాటరీ తీసినప్పుడు మా మండల కేంద్రానికి ఒకటి వచ్చింది. పది రోజుల్లో, హైస్కూలుకు పక్క సందులో మూడు షట్టర్లున్న ఇంటికి కొత్త రంగులు వేయడం మొదలైంది. వెంటనే గ్రామసభ పెట్టాం. చేతులన్నీ లేచాయి, తీర్మానం రాశాం, నేనూ సంతకం చేశాను. ఆ సభలో ఒక పెద్దమ్మ లేచి, నెల్లూరు ఆడవాళ్లు సారా ఆపలేదా, మనమెందుకు ఆపలేమని అడిగింది. సారా వ్యతిరేక ఉద్యమానికి పేరుపడ్డ నెల్లూరు జిల్లా ఊరు దూబగుంట మాట ఇన్నేళ్లయినా మా వైపు కూడా గుర్తుండడం నాకు ఆశ్చర్యమే. కానీ ఆనాడు సారా వేలం పాటలుండేవి. ఆడవాళ్లు వెళ్లి ఆ పాటలకు అడ్డం పడేవారు, వాటిని వాయిదా వేయించేవారు, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే సారాను నిషేధించింది. ఇప్పుడు జిల్లా కేంద్రంలో హాలు తలుపులేసి తీసే లాటరీకి ఊళ్లో కూర్చుని అడ్డం పడేదేముంది?

తీర్మానం పట్టుకుని ఎక్సైజ్ కార్యాలయానికి వెళ్తే అక్కడి అధికారి మర్యాదగానే తీసుకున్నాడు, ముద్ర వేసి రసీదు ఇచ్చాడు. తరువాత ఒక మాట అన్నాడు: “మీరు మందు వద్దంటున్నారు, ఆ మాట నేను వినడానికి లేదు. ఈ గది వద్దంటే, ఎందుకు వద్దో చెప్పండి, వింటాను.” ఆ రోజు కోపం వచ్చింది కానీ, మొత్తం వ్యవహారంలో మాకు దొరికిన అసలైన సలహా అదే. దరఖాస్తు చేసేటప్పుడు గది చూపించాల్సిన పని లేదు. లాటరీ తగిలాకే ప్రకటించిన ఊరి పరిధిలో గది వెతుక్కుంటారు, ఆ గదిని అధికారులు వచ్చి చూసి ఒప్పుకోవాలి. దుకాణాన్ని మధ్యలో వేరే చోటికి మార్చుకోవాలన్నా అనుమతి తీసుకోవలసిందే. మీకు పట్టు దొరికేది ఆ పరిశీలన దగ్గరే. అనుమతి వచ్చి, అరలు బిగించి, సరుకు దించాక అది మహా కష్టం. మా ఊరి జనాభాకు అప్పట్లో ఏడాది లైసెన్సు రుసుము 55 లక్షల రూపాయలు. అంత కట్టినవాడు గది ఖాయమయ్యాక ఊరికే కదలడు కదా.

ఇక కొలత సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. బడికి, గుడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు దుకాణం ఉండకూడదని నిబంధన. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి, బడి అంటే గుర్తింపు ఉన్న బడి, ప్రైవేటు ఆసుపత్రి అయితే కనీసం 30 పడకలుండాలి. మా వాళ్లు మొదట చూపించిన పోచమ్మ గుడి ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి అది లెక్కలోకి రాలేదు. దూరాన్ని గాలిలో గీత గీసినట్టు కొలవరు. దుకాణం ద్వారం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారి వెంట, బడి ప్రహరీకి ఉన్న అతి దగ్గరి గేటు మధ్య వరకు కొలుస్తారు.

ఒక ఆదివారం పొద్దున మేస్త్రీ దగ్గర 50 మీటర్ల టేపు అడిగి తెచ్చి, ఇద్దరం పట్టుకుని కొలిచాం. షట్టరు నుంచి సందు మలుపు తిరిగి, మోరీ దాటి, పెద్ద గేటు వరకు 112 మీటర్లు వచ్చింది. మళ్లీ కొలిస్తే 111. అక్కడే అరుగు మీద కూలబడ్డాం. అప్పుడు మధ్యాహ్న భోజనం వండే అమ్మ, వంటగది పక్క చిన్న గేటు నుంచి ఎందుకు కొలవలేదని అడిగింది. కట్టెలు, గ్యాసు బండలు ఆ గేటు నుంచే వస్తాయట, ఆ పక్క వాడ పిల్లలు కూడా అందులోంచే వస్తారట. అక్కడికి కొలిస్తే 86 మీటర్లు.

మరుసటి రోజు సోమవారం, జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టరుకు కొత్త దరఖాస్తు ఇచ్చాం. అందులో మద్యం వల్ల కుటుంబాలు చెడిపోతున్నాయన్న వాక్యం ఒక్కటీ లేదు. కొలత పటం, చిన్న గేటులోంచి పిల్లలు వస్తున్న ఫొటోలు, ఆ గేటు రోజూ వాడుకలో ఉందని ప్రధానోపాధ్యాయుడు బడి ముద్రతో ఇచ్చిన లేఖ మాత్రమే జతచేశాం. ఆ గేటుకు తాళం వేసి ఉంటుందని అవతలి పక్షం వాదించింది. అధికారులు బడి వదిలే వేళకు వచ్చి, తమ టేపుతో కొలుచుకుని వెళ్లారు. పన్నెండు రోజులకు, వేరే గది చూసుకొమ్మని లైసెన్సుదారుకు చెప్పారని తెలిసింది. పెయింటు వేసిన ఆ మూడు షట్టర్లలో ఇప్పుడు ఎరువుల దుకాణం నడుస్తోంది.

మీ వీధి మీదుగా రాష్ట్ర రహదారి పోతుంటే మరో అంశం కూడా చూడండి. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు వద్దంది, 2017 మార్చి 31న 20 వేల లోపు జనాభా ఉన్న చోట్ల దాన్ని 220 మీటర్లకు తగ్గించింది, ఆ తరువాత పట్టణాలకు, పట్టణంలా ఎదిగిన ఊళ్లకు సడలింపులూ వచ్చాయి. కాబట్టి దీన్ని రెండో ఆధారంగా పెట్టుకోండి కానీ, దీని మీదే దరఖాస్తు నిలబెట్టకండి.

గెలిచామని మేం సంబరపడ్డది కొద్ది రోజులే. దుకాణం ఊరి చివరికి పోయింది, మూడు నెలలు తిరిగేసరికి బడి ఉన్న వాడలోనే రెండు కిరాణా కొట్లలో బెల్టు షాపులు పుట్టాయి. ఊరి చివర కొన్న సీసా మీద ఇరవై, ముప్పై ఎక్కువ వేసి పొద్దున ఆరింటికే అమ్మేవారు. దానికి లైసెన్సే లేదు కనుక 100 మీటర్లూ లేవు, వేళలూ లేవు. ఫిర్యాదు చేసిన రోజు దాడి జరిగేది, వారానికి మళ్లీ మొదలు. మహిళా సంఘం వాళ్లు అమ్మినవారికి జరిమానా అని కట్టడి చేశారు, చట్టం ముందు అది నిలబడదని నేనే చెప్పాను, అయినా కొన్నాళ్లు పనిచేసింది. లైసెన్సు దుకాణం గురించి నాలుగు వారాలు పడ్డ శ్రమలో సగమైనా ఈ బెల్టుల మీద పెట్టలేదన్నది నా మీద నాకున్న ఫిర్యాదు.

ఈ విడత తెలంగాణ లైసెన్సులు 2027 నవంబరు 30 వరకు నడుస్తాయి కాబట్టి, ఇప్పుడు ఆ గది ఖాయమైతే అంతవరకు కదలడం కష్టం. తీర్మానం చేయండి, జతచేయడానికి పనికొస్తుంది. దానికంటే ముందు బడికి ఎన్ని గేట్లున్నాయో, వాటిలో ఏది రోజూ తెరుస్తారో చూసి, కొలిచిన అంకెలు ఇక్కడ రాయండి. దరఖాస్తు ఎలా రాయాలో నేను సాయం చేస్తాను.