ఆ గోల్ఫ్ ఐరన్స్‌ని బఫింగ్ చక్రం దగ్గరికి తీసుకెళ్లకు

ఒరేయ్ బాబీ,

నిన్న సాయంత్రం అక్క ఫోన్ చేసింది. గోల్ఫ్‌లో నీ హ్యాండిక్యాప్ 12కి దిగిందట, అది ఎంత తగ్గితే ఆట అంత మెరుగైనట్టు. మీ అత్తకి ఆ మాట రెండుసార్లు చెప్పాను. అదే ఫోన్‌లో అక్క ఇంకో సంగతి కూడా చెప్పింది. మీ నాన్న ఐరన్స్‌కి, అదే ఆ ఉక్కు తలల (హెడ్స్) గోల్ఫ్ కర్రలకి, కొత్త క్రోమ్ పూత వేయిస్తావట, బైకు సైలెన్సర్లకి వేసే షాపులో అయితే చవకట. నా గుండె జారిపోయింది. ఈ ఉత్తరం ఆఖరిదాకా చదివే వరకూ ఆ బ్యాగు ఇంట్లోంచి కదపకు.

తేలిక పనులు ముందు చెప్పేస్తా. చేత్తో పట్టుకునే గ్రిప్పులు గట్టిపడి జారుతుంటే మార్చెయ్. గ్రూవ్స్‌లో, అంటే ఫేస్ మీది సన్నటి గాడుల్లో, మట్టి సబ్బునీళ్లతో, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో పోతుంది. ఉక్కు తీగల బ్రష్షు పెట్టకు. సోల్ మీద, అంటే హెడ్ అడుగున, గీతలూ చిన్న సొట్టలూ ఆటకి అడ్డం రావు, వాటిని అలాగే వదిలెయ్.

చూడాల్సింది ఫేస్, బంతికి తగిలే ముఖం. పల్చటి తెల్ల కాగితం 5 ఐరన్ ఫేస్ మీద బిగించి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దు. గ్రూవ్స్ గీతలుగా పడతాయి. 9 ఐరన్‌కీ, వరసలో దాని తర్వాత వచ్చే పిచింగ్ వెడ్జ్‌కీ అలాగే చెయ్. 5లో గీతలు అంచు నుంచి అంచుకి స్పష్టంగా ఉంటాయి. 9లో మధ్యకి వచ్చేసరికి మసకబారి, మళ్లీ చివర తేలతాయి. మసకబారిన ఆ చోటే క్రోమ్ అరిగి, రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. బంతిని ఏళ్ల తరబడి ఒకేచోట కొట్టినవాడి ఫేస్ మీదే అంత చిన్న మచ్చ పడుతుంది రా. మీ నాన్న చెయ్యి అలాంటిది. దాన్ని తుడిచెయ్యాలని చూడకు.

మచ్చ కనపడగానే సెట్ అయిపోయిందనీ అనుకోకు. పొడి ఫెయిర్‌వే గడ్డి మీద అరిగిన ఫేస్ కూడా బంతిని బాగానే పట్టుకుంటుంది. గ్రూవ్స్ పని నీటినీ గడ్డి పసరునీ పక్కకి తప్పించడం. అందుకే పరీక్ష తడిలో పెట్టాలి. బంతి తిరుగుడు, అంటే స్పిన్, కొలిచే లాంచ్ మానిటర్ ఉన్న చోటికి 9 ఐరన్ తీసుకెళ్లి పొడిగా 10 బంతులు, ఫేస్ మీదా బంతి మీదా నీళ్లు చల్లి మరో 10 కొట్టు. అదే లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఉన్న కొత్త ఐరన్‌తోనూ అంతే. తడిలో స్పిన్ రెండింటికీ తగ్గుతుంది. నీదాంట్లో మరీ ఎక్కువగా పడిపోయి, బంతి పైకి లేచి, రంధ్రం ఉండే గ్రీన్ దాటి వెళ్లిపోతుంటే ఆ ఐరన్ పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఆ ప్లేటింగ్ సంగతి. మీ నాన్నకి దీనికి ముందు ఇంకో ఫోర్జ్‌డ్ (ఉక్కుని కొట్టి మలిచిన) సెట్ ఉండేది, నీకు గుర్తుండదు. దాన్ని అలాంటి షాపుకి పంపమన్నది నేనే. సోల్ దగ్గర క్రోమ్ పెచ్చులు లేచి కింద తుప్పు కనపడుతోంది, పై పూత మారిస్తే చాలనుకున్నాం. పూత అలా మారదు. ముందు పాత క్రోమ్‌నీ దాని కింద నికెల్‌నీ విప్పాలి. తుప్పు గుంటలు పోయేదాకా బఫింగ్ చక్రం మీద రుద్దాలి. ఫోర్జ్‌డ్ ఐరన్స్‌కి వాడేది సాధారణంగా 1020, 1025 రకం మెత్తటి ఉక్కు. 1025 అంటే కార్బన్ 0.25 శాతమే. చక్రం కింద అది సబ్బులా అరుగుతుంది. సైలెన్సర్‌కి కావలసింది మెరుపు, కాబట్టి ఆ మేస్త్రీ అద్దంలా మెరిపించాడు. అతని పని అతను బాగానే చేశాడు, పనికి తగని చోటికి పంపింది మనం.

తిరిగొచ్చాక ఫేస్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మధ్యలో ఆనుకుని రెండు చివరలా వెలుతురు వచ్చింది. చదునుగా ఉండాల్సిన ఫేస్ బోర్లించిన పళ్లెంలా అయింది. గ్రూవ్స్ అంచులు పోయాయి, లీడింగ్ ఎడ్జ్, అంటే ఫేస్ కింది అంచు, గుండ్రమైంది. తక్కెడలో పెడితే ఒక్కో హెడ్ ఒక్కో రకంగా తగ్గింది. హెడ్‌లో 2 గ్రాములంటే ఒక స్వింగ్‌వెయిట్ పాయింట్, ఊపేటప్పుడు హెడ్ బరువు చేతికి ఎంత తెలుస్తుందో చెప్పే కొలత అది. 7 ఐరన్ 6 గ్రాములు తగ్గి D2 నుంచి మూడు పాయింట్లు దిగి C9కి పడింది, 8 దాదాపు ఉన్నచోటే ఉంది. పక్కపక్క ఐరన్స్ చేతిలో రెండు వేర్వేరు సెట్లలా ఊగేవి. హోసెల్, అంటే హెడ్‌లో కర్ర దిగే గొట్టం, దాని నోరు మూయకుండా తొట్టిలో ముంచడంతో లోపల కూడా పూత పట్టింది. నున్నటి పూతకి ఎపాక్సీ జిగురు సరిగా అంటదు. అడుగున నిలిచిన ఆమ్లం లోపల్నుంచి తుప్పు పట్టించింది. కొన్నాళ్లకి ప్రాక్టీసు రేంజ్‌లో 6 ఐరన్ హెడ్ వదులై గిర్రున తిరిగింది. మీ నాన్న నన్ను ఒక్కమాట అనలేదు. సెట్‌ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. పోయిన ఉక్కుని ఎవరూ తిరిగి పెట్టలేరు రా.

గోల్ఫ్ హెడ్స్ పనే చేసేవాళ్లు హోసెల్‌కి బిరడా పెడతారు, ఫేస్‌ని కాపాడతారు, ముందూ తర్వాతా ప్రతి హెడ్‌నీ తూస్తారు. అడిగితే ఆ బరువులు కాగితం మీద చూపించాలి. అలాంటి చోట చేయించినా అరిగిన గ్రూవ్స్ మాత్రం తిరిగి రావు. గ్రూవ్స్ చెక్కే చిన్న పనిముట్లు అమ్ముతారు, వాటినీ ముట్టుకోకు. గ్రూవ్ వెడల్పు 0.9 మిల్లీమీటర్లు, లోతు 0.508 దాటకూడదు. 2010 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం 25 డిగ్రీలూ ఆపై లాఫ్ట్ ఉన్నవాటికి అంచులు మరీ పదునుగా ఉండకూడదు. ఆటలో సహజంగా అరిగితే రూల్స్ ఒప్పుకుంటాయి. చేత్తో చెక్కి హద్దు దాటిస్తే ఆ క్లబ్‌తో పోటీ ఆడలేవు.

అన్నింటికంటే నాకు భయం షాఫ్టులంటే, హెడ్‌కీ గ్రిప్‌కీ మధ్య కర్రలంటే. విశాఖ సముద్రపు గాలిలో ఇన్నేళ్లున్న ఉక్కు గొట్టాలు అవి. గ్రిప్ చివర రంధ్రంలోంచి నీరు దిగితే తుప్పు లోపల పడుతుంది, పైన మెరుస్తూనే ఉంటుంది. గ్రిప్పులు కోసినప్పుడు షాఫ్టు తలకిందులు చేసి తట్టు. ఎర్రటి పొడి రాలినా, హోసెల్ పైన గానీ గ్రిప్ కింద గానీ గుంటలు కనపడినా దాన్ని మళ్లీ ఊపకు. స్వింగ్ మధ్యలో విరిగితే కోసుగా ఉన్న చివర నీ చేతిలో ఉంటుంది, హెడ్ పక్కవాడి మీదికి పోతుంది. మార్చేటప్పుడు టిప్ (షాఫ్టు కింది కొన) 0.355 అంగుళాల టేపరా, అంటే సన్నబడేదా, 0.370 పారలెలా, అంటే ఒకే లావుదా, కొలిపించి కొను. హోసెల్‌ని హీట్ గన్‌తో కాస్త వేడి చేస్తే పాత ఎపాక్సీ వదులుతుంది. ఎర్రగా కాల్చే మంట పెట్టనివ్వకు, క్రోమ్ నీలం తిరుగుతుంది. కొత్త టిప్ గరుకుగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి అతికించాక 24 గంటలు ముట్టుకోకు.

ఆ తర్వాత లాఫ్ట్, లై (షాఫ్టు నేలతో చేసే కోణం) కొలిపించు. మెత్తటి ఉక్కు మ్యాట్‌ల మీద కొట్టీ కొట్టీ ఒకటి రెండు డిగ్రీలు జరుగుతుంది. 7కీ 8కీ మధ్య 4 డిగ్రీలు ఉండాల్సింది 2 అయితే రెండూ దాదాపు ఒకే దూరం పోతాయి. ఫోర్జ్‌డ్ కాబట్టి వంచి సరిచేయొచ్చు, అయితే 2 డిగ్రీలు మించొద్దు. లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్, అంటే సోల్ కింది వాలు, కూడా ఒకటి తగ్గుతుందని గుర్తుంచుకో.

నా ఉద్దేశం అడిగితే మొత్తం సెట్ మార్చకు. 4 నుంచి 7 దాకా ఫేస్ బాగుంటే షాఫ్టులు వేసి ఉంచుకో. తడి పరీక్షలో పిచింగ్ వెడ్జ్ తప్పితే దాని స్థానంలో 46 డిగ్రీల విడి వెడ్జ్ కొను. 8, 9 కూడా తప్పి, షాఫ్టులన్నీ పోయి ఉంటే మాత్రం కొత్త సెట్‌కే వెళ్లు, నేను అడ్డు చెప్పను. అప్పుడు షాపులో 7 ఐరన్ పది గజాలు ఎక్కువ పోయిందని మురిసిపోకు. దాని లాఫ్ట్ 30 డిగ్రీలో, అంతకన్నా తక్కువో ఉంటుంది. పిచింగ్ వెడ్జ్ 44 ఉంటే, నీ 56 డిగ్రీల వెడ్జ్‌కి మధ్య 12 డిగ్రీల ఖాళీ పడుతుంది. ఆ ఖాళీకి కొనే వెడ్జ్‌ల ధర కూడా లెక్కలో వేసుకో.

ఏది చేసినా పాత హెడ్స్ ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వకు. పల్చగా నూనె రాసి దాచు. ఆదివారం లోపు ఆ మూడు పెన్సిల్ కాగితాలూ ఫొటో తీసి పంపు, 9 ఐరన్‌ది మొదట.

మీ మామయ్య