రాజీనామా రాసిచ్చే ముందు ఈ లెక్క చూసుకోండి

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలోని ఒక యంత్ర విడిభాగాల కర్మాగారంలో మెషీన్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. సర్వీసు 14 ఏళ్లు నిండింది. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 20,800 రూపాయలు వస్తాయి. ఆర్డర్లు తగ్గిపోయి, బ్యాంకు కొత్తగా అప్పు ఇవ్వకపోవడంతో, దాదాపు 180 మంది ఉన్న మా కంపెనీ 40 మందిని తగ్గించుకోవాలని చూస్తోంది. రాజీనామా రాసిస్తే గ్రాట్యుటీతో పాటు రెండు నెలల జీతం ఇస్తామంటున్నారు. పీఎఫ్‌లో 5.6 లక్షలున్నాయి. ఇంటి అప్పు ఇంకా 6.4 లక్షలుంది, నెలకు 9,500 వాయిదా కడుతున్నాను. పీఎఫ్ తీసి అప్పు తీర్చేయమంటారా?

జవాబు: మీరు పీఎఫ్ గురించి అడిగారు కానీ, మీకు పెద్ద నష్టం జరగబోతున్నది రాజీనామా దగ్గర. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

గ్రాట్యుటీ ఇస్తామనడంలో కంపెనీ ఉదారత ఏమీ లేదు. అయిదేళ్లు దాటిన ఉద్యోగి రాజీనామా చేసినా, కంపెనీయే తొలగించినా అది చెల్లించి తీరాలి. మీ చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చిస్తే ఏడాదికి 12,000 వస్తుంది; 14 ఏళ్లకు 1,68,000 రూపాయలు. కాబట్టి కంపెనీ మీకు కొత్తగా ఇస్తానంటున్నది రెండు నెలల జీతం, అంటే 41,600 మాత్రమే. ఇప్పుడు రెండో వైపు చూడండి. పని లేదన్న కారణంతో కంపెనీ తానే మిమ్మల్ని తొలగిస్తే, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం, పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం నెల రోజుల నోటీసు గానీ దానికి బదులు వేతనం గానీ ఇవ్వాలి (20,800). సర్వీసులోని ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి (1,45,600). వీటికి తోడు, కొత్త పని నేర్చుకోవడానికని ఏర్పరచిన నిధికి మీ తరఫున మరో 15 రోజుల వేతనం జమ చేయాలి (10,400). మొత్తం 1,76,800. రాజీనామా చేస్తే మీరు వదులుకునేది 1,35,200 రూపాయలు. మీ ఇంటి వాయిదాలు 14 నెలలు కట్టడానికి సరిపోయే సొమ్ము అది. మీ చేత రాజీనామా రాయించుకోవాలని కంపెనీ ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఈ తేడాయే.

“కంపెనీ నష్టాల్లో ఉంది, పరిహారం ఎక్కడ నుంచి తెస్తాం?” అని మీతో అనవచ్చు. నష్టాల వల్ల తొలగింపు పరిహారం రద్దు కాదు. ఒకవేళ కర్మాగారాన్ని పూర్తిగా మూసేసినా, యజమాని చేతిలో లేని అనివార్య పరిస్థితుల్లో మాత్రమే పరిహారాన్ని మూడు నెలల వేతనానికి పరిమితం చేసే వీలుంది. ఆర్థిక ఇబ్బందులు, అమ్ముడుపోని సరుకు నిల్వలు ఆ పరిస్థితుల కిందికి రావని చట్టమే స్పష్టంగా చెప్పింది. అయితే తొలగింపునే అడ్డుకునే ఆయుధం మీ చేతిలో లేదు. ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా కార్మికులను తీసేయకూడదన్న నియమం 1947 నాటి కేంద్ర చట్టంలో 100 మంది, అంతకు మించి ఉన్న కర్మాగారాలకు వర్తించేది. కొత్త స్మృతి ఆ సంఖ్యను 300కు పెంచింది కనుక 180 మంది ఉన్న మీ కంపెనీకి ఆ అనుమతి అక్కరలేదు. సంక్షోభంలో ఉన్న సంస్థకు ఇది వెసులుబాటే. కానీ నెలసరి వాయిదాలున్న కార్మికుడికి అలాంటి వెసులుబాటు ఏదీ ఇవ్వకుండా ఈ మార్పు చేయడం సమతూకంగా ఉందని నేను అనుకోను.

మన ఆర్థిక విధానం కష్టకాలంలో కార్మికుడిని ఎలా చూస్తుందో 2020లో బాగా తెలిసివచ్చింది. జీతాలు కోత లేకుండా ఇవ్వాలని మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఆదేశం మే 18 నుంచి లేకుండా పోయింది. మిగిలినవి ప్రధానంగా రెండు: ఆగస్టు వరకు రుణ వాయిదాల మారటోరియం (వాయిదాలు కట్టకుండా తాత్కాలిక విరామం), పీఎఫ్ నుంచి అడ్వాన్సు. మొదటి దానిలో వడ్డీ పెరుగుతూనే ఉంది, రెండోది కార్మికుడు దాచుకున్న సొమ్మే. అదే సమయంలో చిన్న, మధ్యతరహా సంస్థల రుణాలకు మూడు లక్షల కోట్ల రూపాయల మేరకు ప్రభుత్వం హామీగా నిలబడింది. తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఉద్యోగం పోయినప్పుడు మీకు అండగా నిలిచేది చట్టబద్ధంగా మీకు రావలసిన బకాయీ, మీ పొదుపూ మాత్రమేనని గుర్తించమని చెబుతున్నాను.

అందుకే పీఎఫ్ మొత్తాన్ని ఇంటి అప్పుకు కట్టేయడం నాకు సమ్మతం కాదు. అసలు 5.6 లక్షలూ కట్టినా అప్పు పూర్తిగా తీరదు, చేతిలో డబ్బు మాత్రం మిగలదు; ఇంకో ఉద్యోగం దొరికేలోగా అవసరం పడితే ఆ డబ్బును బ్యాంకు మీకు సులువుగా తిరిగి ఇవ్వదు. పైగా 2025 అక్టోబరులో పీఎఫ్‌ను నిర్వహించే సంస్థ ఈపీఎఫ్‌వో ధర్మకర్తల మండలి తీసుకున్న నిర్ణయం ప్రకారం నాలుగో వంతు సొమ్మును ఖాతాలో ఉంచాలి, నిరుద్యోగం 12 నెలలు కొనసాగితేనే అది కూడా చేతికొస్తుంది. ముందు గ్రాట్యుటీ, పరిహారం సొమ్ములోంచి ఆరు నెలల ఇంటి ఖర్చు, ఆరు వాయిదాలు పక్కన పెట్టి బ్యాంకులో ఉంచండి. అది కరిగిపోయేదాకా పీఎఫ్ ముట్టుకోవద్దు. వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి, గడువు పెంచి వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. తప్పిన తరువాత అడిగితే వినేవారుండరు. పరిహారంపై 5 లక్షల వరకు, గ్రాట్యుటీపై 20 లక్షల వరకు పన్ను మినహాయింపు ఉంది కాబట్టి ఆ చింత అక్కరలేదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి, కుటుంబానికి వేరే పాలసీ ఇప్పుడే తీసుకోండి.

ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. కంపెనీ దివాలా ప్రక్రియ కింద ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు విచారించే ట్రైబ్యునల్) వెళ్తే, దానిపై దావాలు వేయడం, ఉన్నవాటిని కొనసాగించడం ఆగిపోతాయి. అప్పుడు ఆ ప్రక్రియను నడిపే పరిష్కార నిపుణుడికి ఫారం డీలో మీ క్లెయిము సమర్పించాలి. ఆస్తులు అమ్మే దశకు వస్తే అంతకు ముందు 24 నెలల కార్మిక బకాయిలకు తాకట్టు హక్కును వదులుకున్న రుణదాతలతో సమాన స్థానం ఉంటుంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు ఆ పంపకంలోకే రావు. కాగితం మీద ఇది బలమైన రక్షణే, కానీ 2019 ఏప్రిల్‌లో విమానాలు ఆపేసిన జెట్ ఎయిర్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరులో ఆస్తుల విక్రయానికి ఆదేశించే వరకు ఉద్యోగులు ఎదురుచూస్తూనే ఉన్నారు. కాబట్టి మీ బకాయిల వివరాలు అడుగుతూ కంపెనీకి ఈ వారమే ఉత్తరం రాసి, అందినట్లు సంతకం చేయించుకోండి. స్పందన లేకపోతే జిల్లా కార్మికశాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. నియామక పత్రం, జీతం స్లిప్పులు, హాజరు వివరాలు ఇంట్లో భద్రపరచుకోండి. హోదా పేరు “సూపర్‌వైజర్” అని మార్చిన కాగితం ఏదైనా ముందు పెడితే మాత్రం సంతకం చేయకండి, ఎందుకంటే నెలకు 18,000 మించి వేతనం తీసుకునే సూపర్‌వైజర్ పారిశ్రామిక సంబంధాల స్మృతి దృష్టిలో కార్మికుడు కాడు, పైన చెప్పిన తొలగింపు పరిహారం అతనికి వర్తించదు.