‘త్వరలో’ అంటే ఎన్నాళ్లు?

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే బాధ మీద వచ్చాయి. ఏదో ఒక ఇండిపెండెంట్ సినిమా టీజర్ చూసి మనసు పారేసుకున్నవాళ్లు, ఆ తర్వాత కబురు లేక వేగిపోతున్నవాళ్లు. నేను పదకొండేళ్లు అసిస్టెంట్ ఎడిటర్‌గా చేశాను. అందులో సగం కాలం “మీ సినిమా ఎప్పుడొస్తుంది?” అని ఎవరడిగినా నేల చూపులు చూశాను. ఆ అర్హత చూసే ఈ పేజీ నాకు అప్పగించారనుకుంటా. పేర్లు వేయొద్దని ముగ్గురు అడిగారు. సరే అని అందరివీ తీసేశాను.

ప్రశ్న: టీజర్ వచ్చి రెండేళ్ల రెండు నెలలైంది. చివర్లో ‘త్వరలో’ అని వేశారు. అప్పట్నుంచి ఉలుకూ పలుకూ లేదు. సినిమా ఆగిపోయినట్టేనా మేడమ్?
– రోజూ ఆ పేజీ తెరిచి చూసే ఒకడు

ముందు ఆ ‘త్వరలో’ అక్కడికి ఎలా వస్తుందో చెప్తాను. టీజర్ కట్ చేయడం అయిపోతుంది. తెల్లవారితే విడుదల. సినిమా పేరు పడ్డాక అక్షరాలు పడే చివరి ప్లేటు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే వేయడానికి తేదీ లేదు. వదిలేస్తే బోసిగా ఉంటుంది. వెనకనుంచి ఎవరో “త్వరలో అని కొట్టెయ్ అమ్మా” అంటారు. అలాంటివి నా చేత్తో నాలుగు కొట్టాను. రెండు వచ్చాయి, ఒకటి నాలుగేళ్లకి వచ్చింది, నాలుగోదాని సంగతి చివర్లో చెప్తా.

పెద్ద స్టూడియో సినిమాకి తేదీ ముందు ఖాయమవుతుంది, దాని వెంట సినిమా పరిగెడుతుంది. చిన్న సినిమాకి అలా కుదరదు. సినిమా తయారయ్యాక కొనేవాళ్ల కోసం వెతకాలి, బిజినెస్ అవ్వాలి, కొన్నవాళ్లు తమ వీలు చూసుకుని తేదీ వేయాలి. మీరు చూసిన ఆ టీజర్ కూడా చాలాసార్లు మీకోసం చేసింది కాదు. మిగతా పనికి డబ్బు పెట్టేవాళ్లకి చూపించడానికి చేసింది. మీరు చూశారు, నచ్చింది, అది వాళ్ల అదృష్టం.

కాబట్టి రెండేళ్ల మౌనానికి బెంగ పడొద్దు. ఆర్సన్ వెల్స్ తీసిన ‘ది అదర్ సైడ్ ఆఫ్ ది విండ్’ షూటింగ్ 1970లో మొదలైంది. డబ్బు తగాదాల్లో నెగెటివ్ పారిస్‌లో ఇరుక్కుపోయింది. దర్శకుడు 1985లో పోయారు. వంద గంటలకు దగ్గరగా ఉన్న ఫుటేజీని వేరేవాళ్లు కూర్చుని ఎడిట్ చేశాక 2018లో జనం చూశారు. మీది ఇంకా రెండేళ్లే.

ప్రశ్న: మా అభిమాన దర్శకుడు రోజూ తన పిల్లి ఫొటోలు పెడతాడు. సినిమా గురించి అడిగితే ఒక్క ముక్క జవాబివ్వడు. ఇంత పొగరేంటండీ?
– కోపంగా ఉన్న అభిమాని

పిల్లి గురించి మాట్లాడ్డానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదండీ.

సినిమా గురించి మాట్లాడాలంటే కావాలి. పేరున్న ఫెస్టివల్స్ పోటీ విభాగానికి మొదటి ప్రదర్శన తమ దగ్గరే జరగాలని పట్టుబడతాయి. కాన్స్ అయితే అప్పటికే ఆన్‌లైన్‌లో వచ్చేసిన సినిమాని తీసుకోదు. అందుకని సినిమా చేతిలో ఉన్నా దాచుకుంటారు. ఇది చదివే అభిమానులు ఒక క్యాలెండర్ గుర్తుపెట్టుకుంటే సగం ఆరాటం తగ్గుతుంది. సన్‌డాన్స్ జనవరిలో, బెర్లిన్ ఫిబ్రవరిలో, కాన్స్ మేలో, వెనిస్ ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబరులోకి, దాని వెంటనే టొరంటో. ఒకచోట కాదంటే ఇంకోచోటికి పంపి మళ్లీ నెలలు కూర్చోవాలి. రెండుమూడు చోట్ల కాదన్నారంటే ఏడాది దొర్లిపోయినట్టే. “మమ్మల్ని ఫలానా ఫెస్టివల్ వద్దంది” అని ఏ దర్శకుడూ పోస్టు పెట్టడు. పెడితే తర్వాత కొనేవాడు బేరం తగ్గిస్తాడు.

ఒకవేళ తీసుకున్నా, వాళ్లు అధికారికంగా ప్రకటించేదాకా నోరు కట్టేసుకోవాల్సిందే. మా సినిమా ఒకటి ఒక ఫెస్టివల్‌కి ఎంపికైనప్పుడు మూడు వారాలు ఇంట్లో కూడా చెప్పలేదు నేను. సరిగ్గా ఆ మూడు వారాల్లోనే మా పేజీలో “సినిమా అటకెక్కించారా?” అని తిట్లు పడ్డాయి. చదువుకుంటూ నవ్వుకున్నాం. నిజం చెప్పాలంటే దర్శకుడొక్కడు నవ్వలేదు.

మీ దర్శకుడిది ఏ రకం మౌనమో నేను చెప్పలేను. పొగరు అయితే కాదు. పిల్లిని ముద్దు చేసుకుంటున్నాడంటే కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ ఉండి ఉంటాడు.

ప్రశ్న: “ఎడిటింగ్ అయిపోయింది” అని ఇప్పటికి మూడుసార్లు చెప్పారు. అయిపోయింది అంటే అయిపోయినట్టు కాదా?
– ఎడిటింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు

నువ్వు ఆ పనే నేర్చుకుంటున్నావు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను తమ్ముడూ. పిక్చర్ లాక్ అయిన రోజు, అంటే ఇక ఏ షాటూ మార్చమని తేల్చుకున్న రోజు, మేం స్వీట్లు పంచుకుంటాం, ఎడిటింగ్ అయిపోయిందని బయటికి చెప్తాం. అబద్ధమేం కాదు. కానీ అక్కణ్నుంచి డబ్బింగ్, ఎఫెక్ట్స్, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం), మిక్సింగ్ (శబ్దాలన్నీ కలపడం), డీఐ (రంగులు సరిదిద్దడం), సబ్‌టైటిల్స్ ఉన్నాయి. ఇవన్నీ అయ్యాక ఫస్ట్ కాపీ, అంటే పూర్తయిన సినిమా. డబ్బు చాలని సినిమాలో ఈ ఒక్కో మెట్టు దగ్గరా ఆగాలి. మిక్సింగ్ ఇంజనీరు స్నేహం కొద్దీ తక్కువకి చేస్తానంటాడు, ‘మిక్సింగ్ థియేటర్ ఖాళీ ఉన్నప్పుడు’ అని షరతు పెడతాడు. ఆ ఖాళీ అర్ధరాత్రి రెండింటికి దొరుకుతుంది, అదీ నెలకి నాలుగు రాత్రులు.

ఆ తర్వాతదే ఎవరూ చెప్పని పని. కొన్నవాళ్లకి డెలివరీ ఇవ్వాలి. మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ విడిగా అడుగుతారు, వేరే భాషలో డబ్బింగ్ చేసుకోవడానికి. లొకేషన్‌లో రికార్డు చేసిన సౌండ్‌నే వాడుకున్నవాళ్లకి ఇక్కడ ప్రాణం పోతుంది. నటుడి మాట తీసేస్తే ఆ మాటతోపాటు అతని అడుగుల చప్పుడు, తలుపు గొళ్లెం, వాన అన్నీ పోతాయి. మళ్లీ మొదట్నుంచి అన్నీ చేసుకోవాలి. మా దగ్గర ఇలాంటి చప్పుళ్లు స్టూడియోలో మళ్లీ చేసే ఒక ఫోలీ కుర్రాడు ఒక్క గొళ్లెం శబ్దం కోసం ఆరు గొళ్లేలు తెచ్చి వరసగా పెట్టుకున్నాడు. కుదిరింది ఏడోది, స్టూడియో బాత్‌రూమ్ తలుపుది.

దాని మీద క్వాలిటీ చెక్. ఒక ఫ్రేములో ఒక పిక్సెల్ తెల్లగా మెరిసినా తిప్పి పంపుతారు. సెకనుకి 24 ఫ్రేములు, గంటన్నర సినిమాకి 1,29,600. అందులో ఒక తెల్ల చుక్కని వెతికిన రాత్రులు నాకున్నాయి.

షూటింగ్‌లో చేసిన పొరపాటు కూడా ఎడిటింగ్ రూమ్‌లోనే బయటపడుతుంది. అరీథా ఫ్రాంక్లిన్ పాడగా 1972లో చిత్రీకరించిన ‘అమేజింగ్ గ్రేస్’ పెద్ద స్టూడియోదే, ఇండిపెండెంట్ కాదు. అయినా నీకు చెప్పాలి. బొమ్మనీ శబ్దాన్నీ జత చేసుకోవడానికి షాట్ మొదట్లో కొట్టే క్లాప్ ఆ షూటింగ్‌లో కొట్టలేదు. బొమ్మకీ శబ్దానికీ లంకె కుదరక అటకెక్కింది. డిజిటల్ పద్ధతులొచ్చాక కూర్చారు, ఆ తర్వాత హక్కుల గొడవలు. జనం చూసేసరికి 2018. రేపు షూటింగ్‌లో ఎవరైనా “క్లాప్ ఎందుకులే” అంటే ఈ కథ చెప్పు.

ప్రశ్న: ఫెస్టివల్స్‌లో వేశారు. చూసినవాళ్లు రివ్యూలు కూడా రాశారు. సినిమా రెడీగా ఉందనేగా? మరి మాకెందుకు చూపించరు?
– రివ్యూలు చదివి చదివి కథంతా తెలిసిపోయిన పాఠకురాలు

మీ బాధ నాకు అర్థమైంది, పెళ్లి భోజనం గురించి ఎదురింటివాళ్లు చెప్తుంటే వినడంలాంటిది. మీ సినిమాలో పాత పాటలేవైనా వినిపిస్తాయని రివ్యూల్లో రాశారా? రాసి ఉంటే అనుమానం అటు పోతుంది నాకు.

పాట హక్కులు ముక్కలుముక్కలుగా అమ్ముతారు. ఫెస్టివల్స్‌లో వేసుకోవడానికి మాత్రమే, ఫలానా కాలానికి, తక్కువ ధరకి ఇస్తారు. డబ్బులేని నిర్మాత ముందు అది తీసుకుంటాడు, బిజినెస్ అయ్యాక మిగతావి కొనొచ్చులే అని. థియేటర్‌కీ ఓటీటీకీ వేరే లెక్క. పైగా ఒక పాటకి రెండు తాళాలు. రాసి బాణీ కట్టినవాళ్ల హక్కు ఒకటి, ఆ రికార్డింగ్ మీద కంపెనీ హక్కు ఒకటి. రెండూ తెరుచుకోవాలి.

చార్ల్స్ బర్నెట్ తన యూనివర్సిటీ డిగ్రీ కోసం తీసిన ‘కిల్లర్ ఆఫ్ షీప్’ 1970ల్లోనే పూర్తయింది. పదివేల డాలర్ల లోపు ఖర్చు. అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో 1990లో దానికి చోటిచ్చారు. మామూలు జనం టికెట్టు కొని చూసింది మాత్రం 2007లో. అందులోని పాటల హక్కులకి లక్షన్నర డాలర్లు కట్టాల్సొచ్చింది. సినిమాకి అయినదానికి పదిహేను రెట్ల పైనే! అంత కట్టినా ఒక పాట దొరక్క, దాని చోట ఇంకోటి పెట్టారు.

ఇలాంటిది బయటికి చెప్పుకోలేరు. సినిమాలో ఆ పాట తప్పనిసరని తెలిస్తే అమ్మేవాడు ధర ఎందుకు దించుతాడు?

ప్రశ్న: క్రౌడ్‌ఫండింగ్‌లో నేనూ డబ్బు కట్టాను. కాపీ ఇస్తామన్నారు. ఇప్పుడు ‘డిస్ట్రిబ్యూటర్‌తో మాటలు నడుస్తున్నాయి’ అంటున్నారు. నాకివ్వాల్సింది నాకివ్వడానికి వాడెవడు?

మీది న్యాయమైన కోపం. ఇక్కడ నేను సినిమావాళ్ల పక్షం తీసుకోను. కొనేవాడు ‘విడుదలకి ముందు ఒక్క కాపీ కూడా బయట ఉండకూడదు’ అని కాగితం మీద రాయించుకోవడం మామూలే. కానీ ఆ సంగతి డబ్బు తీసుకునే రోజే మీకు చెప్పాలి, ఇది ఇచ్చిన మాట మీద నడిచే వ్యవహారం కనుక. నిర్మాతకి నేరుగా రాయండి. ‘ఎప్పుడిస్తారు’ అని అడిగితే ‘త్వరలో’ అంటారు. ‘ఒప్పందంలో మద్దతుదారుల కాపీల గురించి మినహాయింపు రాయించారా’ అని అడగండి. ఆ ప్రశ్నకి త్వరలో అని జవాబివ్వలేరు.

ప్రశ్న: ఒక సైట్‌లో విడుదల డిసెంబరు 31 అని ఉంది. నమ్మొచ్చా?

తేదీ తెలియనప్పుడు గడి నింపడానికి వేసేదే డిసెంబరు 31. సెలవు పెట్టకండి.

ప్రశ్న: అభిమానులం రెండు వందల మందిమి ఉన్నాం. హ్యాష్‌ట్యాగ్ నడిపితే విడుదలవుతుందా?

ఒక్కసారి భలేగా పనిచేసింది. ‘పారానార్మల్ యాక్టివిటీ’ని ఓరెన్ పేలి 2006లో తన ఇంట్లోనే వారం రోజుల్లో తీశారు. 2007లో ఒక ఫెస్టివల్‌లో వేశాక రెండేళ్లు కదల్లేదు. 2009లో ‘మా ఊళ్లో వేయండి’ అని జనం చేత అడిగించారు. పది లక్షల మంది అడిగితే దేశమంతా వేస్తామన్నారు, అడిగారు, వేశారు. కానీ అలా అడిగే ఏర్పాటు పెట్టింది సినిమాని కొన్న స్టూడియోనే. కొన్నవాడు లేని సినిమాకి ఎంత అరిచినా వినేవాడుండడు.

రెండు వందల మంది తక్కువేమీ కాదు, అది ఒక హాలు. హ్యాష్‌ట్యాగ్ బదులు నిర్మాతకి ఒకే ఒక్క ఉత్తరం రాయండి. మేం ఇంతమందిమి, ఫలానా ఊళ్లో, ఒక ఆటకి డబ్బు ముందే కడతాం అని. చివర్లో ‘ప్లీజ్’ పదిసార్లు పెట్టకండి. కొనేవాడితో మాట్లాడేటప్పుడు నిర్మాత చూపించుకోవడానికి పనికొచ్చే కాగితం అది.

ప్రశ్న: ఎవరో లింక్ పంపారు. చూసేయమంటారా?

వద్దు. అది ఏ ఫెస్టివల్ జ్యూరీ సభ్యుడికో ముందుగా చూడ్డానికి పంపిన కాపీ, స్క్రీనర్ అయి ఉంటుంది. తెర మీద ఎక్కడో ఆయన పేరు మసకగా పడి ఉంటుంది, పాపం. బేరం మధ్యలో ఉన్న సినిమా లీకయిందంటే కొనేవాడు లేచి వెళ్లిపోతాడు. మీరు ఎదురుచూసేదాన్ని మీరే చంపుకున్నట్టు.

ప్రశ్న: ఎప్పుడూ సినిమావాళ్లనే వెనకేసుకొస్తారేం? ఎదురుచూడ్డం అంటే ఏంటో మీకు తెలుసా?
– మీ జవాబులు నచ్చని పాఠకుడు

నాలుగో టీజర్ సంగతి చెప్తానన్నాను కదా, మీకే చెప్తాను.

ఆ సినిమాకి ఎడిటింగ్‌లో సాయం చేయడంతోపాటు పేజీ చూసుకునే పనీ నాదే. ఫస్ట్ కాపీ వచ్చింది. తర్వాత డబ్బు పెట్టిన ఇద్దరికీ చెడింది. ఎవరి వాటా ఎంతన్నది కాగితం మీద సరిగ్గా రాసుకోలేదు. హక్కులు ఎవరివో తేలని సినిమాని ఎవరూ కొనరు. బయట ఎవరికీ ఏమీ చెప్పొద్దని నాకు ఆర్డరు. అందరూ మెల్లగా మర్చిపోయారు, ఒక్కడు తప్ప. ప్రతి నెలా ఒకటో తారీఖున మెసేజ్ పెట్టేవాడు. మూడే మాటలు, “ఈ నెలా కాదా?”

తిట్టేవాడు కాదు. అడిగేవాడు, అంతే. చెప్పొద్దన్నారు గనక చూసి వదిలేసేదాన్ని. ఇరవైమూడు నెలలు వదిలేశాను. ఆ ఇద్దరూ ఇంకా మాట్లాడుకోవట్లేదు, నేను ఆ ఆఫీసు మానేశాను. కానీ సినిమా ఉన్న హార్డ్ డిస్క్‌లలో ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఊరికే పెడితే బిగుసుకుపోతుందని ఆరు నెలలకోసారి కంప్యూటర్‌కి తగిలించి తిప్పుతాను. మొదట గర్‌ర్ అని రెండుసార్లు గొణుగుతుంది, తర్వాత తిరుగుతుంది. ఫైలు తెరిచి మొదటి రీలు చూసి మూసేస్తాను. డిస్క్ మీద నేను అంటించిన కాగితం టేపు మీద ‘ఫైనల్ 7’ అని ఉంటుంది. ఫైనల్ 6 ఏమైందో నాకూ గుర్తులేదు.

మొన్న తిప్పిన రోజు ఒకటో తారీఖు. పేజీ పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోంది. ఆర్డరు వేసినవాళ్లెవరూ ఇప్పుడు నాకు జీతమివ్వట్లేదు కదా అని ధైర్యం చేసి జవాబు పెట్టాను. “ఈ నెల కాదు తమ్ముడూ. సినిమా మాత్రం భద్రంగా ఉంది, ఇందాకే చూశాను.”

రెండు నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది. “బాగుందా అక్కా?”