ఇంటర్వ్యూ పోయింది సరే, ల్యాప్‌టాప్ సంగతేంటి?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చాను. వాళ్లు పంపిన ప్రాజెక్టును నా ల్యాప్‌టాప్‌లో రన్ చేసి, బగ్ సరిచేయమన్నారు. స్క్రీన్ షేర్ చేస్తుంటే సిస్టమ్ బాగా నెమ్మదించింది. అవతలి వ్యక్తి కెమెరా ఆన్ చేయలేదు, పది నిమిషాలకే కాల్ కట్ చేశారు. తర్వాత మెయిల్ కూడా లేదు. ర్యామ్ పెంచుకోమంటారా?

జవాబు: ర్యామ్ సంగతి పక్కన పెట్టండి. ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. ఉద్యోగం రాలేదన్న బాధే తప్ప, ముక్కూమొహం తెలియనివాళ్ల కోడ్‌ను సొంత మెషీన్‌లో ఎందుకు నడిపామన్న ఆలోచన ఒక్కరికీ లేదు!

ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకు కావాల్సిన రెడీమేడ్ కోడ్ ప్యాకేజీలను తెచ్చే టూల్) ఇన్‌స్టాల్ కొడితే, మామూలుగా ప్యాకేజీల్లోని పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు, అంటే ఇన్‌స్టాల్ కాగానే నడిచే చిన్న ప్రోగ్రాములు, మిమ్మల్ని అడక్కుండానే నడిచిపోతాయి. మీరు బగ్ వెతకడం మొదలుపెట్టేలోపే వాళ్ల పని అయిపోవచ్చు. ఇలాంటి దొంగ ఇంటర్వ్యూల గుట్టును 2023 నవంబరులో పాలో ఆల్టో నెట్‌వర్క్స్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీకి చెందిన పరిశోధన బృందం యూనిట్ 42 బయటపెట్టింది. దీని వెనక ఉన్నది ఉత్తర కొరియా ముఠాలేనని తేల్చారు. ఎన్‌పీఎం ప్యాకేజీల్లో దాచిన మాల్‌వేర్ పేరు బీవర్‌టెయిల్. అది క్రిప్టో వాలెట్ల సమాచారం దోచుకుని, ఇన్విజిబుల్‌ఫెరెట్ అనే రెండోదాన్ని లోపలికి తెస్తుంది. ఈ రెండోది బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు లాగేస్తుంది, కీబోర్డు మీద కొట్టిందల్లా రాసుకుంటుంది.

మీకు జరిగింది అదేనని అనను. మర్యాద తెలియని కంపెనీ అయినా అయ్యుండొచ్చు, వాటికీ కొదవ లేదు. అయినా ముందు నెట్ ఆపేయండి. పాస్‌వర్డులు వేరే మెషీన్ నుంచి మార్చండి. ప్రతి అకౌంట్‌లోనూ అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ అవ్వండి. ఎందుకంటే సెషన్ కుకీ (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కు చెప్పే ఫైలు) దొరికితే దొంగకు ఓటీపీతో పనే ఉండదు. సర్వర్లలోకి, కోడ్ అకౌంట్లలోకి పాస్‌వర్డ్ లేకుండా రానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ కీలు, టోకెన్లు రద్దు చేసి, ఓఎస్ కొత్తగా వేసుకోండి. అది ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే, టెన్షన్ పడుతూ కూర్చోకుండా సెక్యూరిటీ టీమ్‌కు చెప్పండి. 'యాంటీవైరస్‌లో ఏమీ రాలేదు' అని మళ్లీ ఉత్తరం మాత్రం రాయకండి. ఇకపై పరాయి కోడ్ ఏదైనా వర్చువల్ మెషీన్‌లోనే, అంటే మీ ల్యాప్‌టాప్‌లోనే విడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లోనే.

అసలు ఎవరేం పంపినా నడిపేసే ఈ అలవాటు నేర్పింది నిజమైన కంపెనీలే. గంట పరీక్ష కోసం నిఘా సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు. దానికి అడ్మిన్ పర్మిషన్ కావాలట, మిగతా ప్రోగ్రాములన్నీ మూసేయాలట. పరీక్ష అయ్యాక దాన్ని తీసేయడమెలాగో ఎక్కడా రాయరు. అదే ఇంటర్వ్యూలో 'తెలియని సాఫ్ట్‌వేర్‌కు అడ్మిన్ హక్కులు ఇవ్వొచ్చా?' అని మిమ్మల్నే అడుగుతారు.