ఒక స్కిట్ కడుపుబ్బ నవ్విస్తే మరొకటి ఎందుకు తేలిపోతుంది?

ఈటీవీ హాస్య కార్యక్రమం జబర్దస్త్‌లో ఒక వారం కడుపుబ్బ నవ్వించిన టీమే మరుసటి వారం చప్పగా తేలిపోవడానికి కారణమేమిటని, పాత రోజులతో పోలిస్తే కార్యక్రమం నిజంగానే దిగజారిందా అని మీరు అడిగారు. ఈ ఎగుడుదిగుడు మొదటి నుంచీ ఉన్నదేనని, దానికి మూలం నటులలో కంటే రాతలోనే ఎక్కువగా ఉన్నదని నా అభిప్రాయం. సన్నివేశం మీద నడిచిన స్కిట్ ఎన్నేళ్ళకైనా నవ్విస్తుంది. విడివిడి పంచ్‌ల మీద నడిచినది ఆ వారంతోనే వాడిపోతుంది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు నుంచి అటు వెళ్ళింది గాని, ఇళ్ళలో తెలుగు అలాగే నిలిచింది, రాత్రి భోజనాల వేళ టీవీలో ఈటీవీ కూడా అలాగే నడుస్తుంది. మా వదిన ఒడియా ఇంటి ఆడపడుచు. బజారులో బేరమాడేటంత తెలుగు ఆమెకు వచ్చు, సినిమా కబుర్లు మాత్రం తెలియవు. మేమంతా కలిసి స్కిట్లు చూస్తున్నప్పుడు ఆమె కొన్నింటికి మాకంటే ముందే నవ్వుతుంది, కొన్నింటికి మా ముఖాలు చూసి ఏమయిందని అడుగుతుంది. ఏ స్కిట్‌కు ఆమె అడగవలసి వచ్చిందో గమనిస్తూ పోతే, మీ ప్రశ్నకు జవాబు చాలావరకు నాకు అక్కడే దొరికింది.

భార్యకు తెలియకుండా ఒక విషయం దాచబోయి, ఆ దాపరికం కోసం మరో అబద్ధం, దాని కోసం ఇంకొకటి చెప్పుకుంటూ చివరికి తన మాటలకు తానే చిక్కుకునే భర్త కథను ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. చమ్మక్ చంద్ర చేసిన ఇంటిగొడవల స్కిట్లలో మంచివన్నీ ఇలాంటి చిక్కుముడి మీదే కట్టినవి. గెటప్ శ్రీను ఒక వేషంలోకి దిగినప్పుడు నడక, మెడ వంపు, చేతుల తీరు అన్నీ ఆ పాత్రవే అవుతాయి కనుక, మాట అందకపోయినా మనిషి అందుతాడు. యాంకర్‌కు ఫలానా నటుడితో ప్రేమ అని అల్లిన కథ, పక్క టీమ్ లీడర్ మీద విసురు, జడ్జీల పాత సినిమాల ప్రస్తావన, నిన్నగాక మొన్న విడుదలైన సినిమాలోని డైలాగుకు పేరడీ మాత్రం అలా అందవు. వాటిని విడమరచి చెప్పేసరికి నవ్వు చచ్చిపోతుంది. ఇది ఒడియావారికి మాత్రమే కలిగే ఇబ్బంది కాదు; సినిమా వార్తలు పట్టించుకోని మా నాన్నగారికీ అంతే, కొన్ని నెలలు పోతే మనకూ అంతే.

అయితే పంచ్ రాయడం తక్కువ విద్య అని నేను అనను. హైపర్ ఆది అదిరే అభి టీమ్‌లో రచయితగా మొదలై తర్వాత టీమ్ లీడర్ అయ్యారు. ఆటో రాంప్రసాద్ మాటల కోసమే సుడిగాలి సుధీర్ టీమ్ స్కిట్లు చూసినవారు ఎందరో ఉన్నారు. పాత్ర ఇరుకున పడి నోరు జారినప్పుడు పుట్టే పంచ్ కథను ముందుకు తోస్తుంది. కథను పక్కన నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరు పంచ్‌లు చదివితే మాత్రం, ఎంత తెలివైన మాటలైనా పది నిమిషాలు మోయలేవు.

ఇంతమంది సమర్థులు ఉండి కూడా అన్ని వారాలూ ఒకేలా ఎందుకు ఉండవంటే, నేను బుర్రకథను గుర్తు చేస్తాను. అందులో హాస్యం చెప్పే వంత ఒక ఊరిలో పండిన మాటను పక్క ఊరిలోనూ వాడతాడు, పండనిదాన్ని దారిలోనే మార్చుకుంటాడు. ఆ సీజన్ ముగిసేసరికి అది నలిగి నలిగి నిగ్గు తేలుతుంది. టీవీ స్కిట్ ఒక్క రాత్రిలో జనమంతా చూసేస్తారు, మళ్ళీ వేదికెక్కించడానికి వీలుండదు. 2013 ఫిబ్రవరిలో వారానికి ఒక రాత్రితో మొదలైన ఈ నవ్వుల పని, 2014లో ఎక్స్‌ట్రా జబర్దస్త్ రావడంతో రెండు రాత్రులైంది. వేళ్ళమీద లెక్కపెట్టగల మంచి రచయితల మీద అంత భారం పడినప్పుడు కొన్ని స్కిట్లు సగం ఉడికి బయటికి రాక తప్పదు.

ఇక పాత రోజుల సంగతి. జడ్జీలుగా ఉన్న నాగబాబు గారు 2019లో వెళ్ళిపోవడం, రోజా గారు 2022లో మంత్రి అయ్యాక తప్పుకోవడం వల్లే కార్యక్రమం పడిపోయిందని మా ఊరిలోనూ చాలామంది అంటారు. జడ్జీల నవ్వు ఇంటిలో నవ్వుకు ఊతమిస్తుందన్నది నిజమే గాని, స్కిట్‌ను నిలబెట్టేది అది కాదు. మనం పాతవాటిని యూట్యూబ్‌లో ఏరి చూస్తున్నాము, కొత్తవాటిని మొత్తంగా చూస్తున్నాము. పాత ఎపిసోడ్ ఒకటి ఆసాంతం చూడండి, అందులోనూ చప్పని స్కిట్లు కనిపిస్తాయి. ప్రోమోలో మంచి మాటలన్నీ ముందే వినిపించేయడం కూడా కొత్త ఎపిసోడ్ల రుచి తగ్గిస్తుంది. ఆ వేదిక మీద కథ చెప్పగలవారు మొదటి నుంచీ ఉన్నారనడానికి, అక్కడ టీమ్ నడిపిన వేణు 2023లో బలగం సినిమా రాసి, దర్శకత్వం వహించడమే సాక్ష్యం.

నాకు నిజంగా నొప్పి కలిగించేది వేరొకటి ఉంది. రాత కుదరనప్పుడు చాలా స్కిట్లు లావు, నలుపు, పొట్టి అంటూ మనుషుల ఒంటి మీదికి, లేదా శ్రీకాకుళం యాస మీదికి మళ్ళుతాయి. మా ఇంటి మాట ఆ యాసే. వాడుక భాషకు పుస్తకాలలోనూ బడులలోనూ చోటు ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాటం మొదలుపెట్టింది మా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూనే. అటువంటి ఊరిలో కూర్చుని, మా మాట పనివాడి వేషానికో తెలివితక్కువవాడి వేషానికో మాత్రమే పనికివచ్చినట్లు వినడం కష్టంగా ఉంటుంది. ఆ యాసలోనే గడుసుగా మాట్లాడి ఎదుటివారిని చిత్తుచేసే పాత్ర వచ్చిన రోజున మా ఇంటిలో నవ్వు రెట్టింపవుతుంది.

నిర్మాతలకు ఒక మాట చేరవేయగలిగితే, ఎపిసోడ్‌లో స్కిట్ల సంఖ్య తగ్గించి, మిగిలిన వాటికి ఎక్కువ రిహార్సల్ ఇవ్వమని అడుగుతాను. ప్రతి స్కిట్‌కు ముందు దాన్ని రాసినవారి పేరు పెద్ద అక్షరాలతో వేయాలి. ఎవరి రాత నచ్చుతున్నదో చూసేవారికి తెలుస్తుంది, రాసేవారికి తమ పేరు నిలబెట్టుకోవాలనే పట్టుదలా కలుగుతుంది.