విరిగిన షాఫ్ట్‌ని చదవడమా, విరగకుండా చూడడమా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాదే మెకానికల్ బీటెక్ పూర్తి చేశాడు. బాలానగర్‌లో ఒక ఫెయిల్యూర్ అనాలిసిస్ ల్యాబ్‌లో, పటాన్‌చెరు దగ్గర ఆటో విడిభాగాల కంపెనీలో క్వాలిటీ ప్లానింగ్‌లో ఆఫర్లు వచ్చాయి. రెండోదాంట్లో నెలకు 4 వేలు ఎక్కువ. మొదటిది చేతులు కాలాక ఆకులు పట్టుకునే పనిలా ఉంది. దేంట్లో చేరమంటారు?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: అనాలిసిస్ చేసేవాడు ఆకులు పట్టుకోడండీ. చెయ్యి ఎలా కాలిందో కనిపెడతాడు.

ల్యాబ్‌కి ఒక విరిగిన షాఫ్ట్, అంటే యంత్రంలో తిరిగే కడ్డీ, వచ్చిందనుకోండి. విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి వంచి చూస్తే, అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాంటివి కనిపించవచ్చు. వాటిని బీచ్ మార్కులంటారు. అవి ఏ మూల చుట్టూ వంపు తిరిగాయో పగులు అక్కడ పుట్టింది. చాలాసార్లు అది కీవే (చక్రాన్ని బిగించే కీ కోసం షాఫ్ట్‌లో చెక్కిన గాడి) మూలే. ఈ గీతలు ఉన్నాయంటే షాఫ్ట్ ఒక్క దెబ్బకు పోలేదు, తిరిగి తిరిగి అలిసిపోయి విరిగింది. ఆ తర్వాత మైక్రోస్కోప్, హార్డ్‌నెస్ టెస్టు, చివర్లో రిపోర్టు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ క్వాలిటీలోనే పనిచేశాను. చేరిన మొదటి నెలలో, ఎలా అతుకుతాయో చూద్దామని విరిగిన రెండు ముక్కల్నీ కలిపి నొక్కాను. సాక్ష్యం కాస్తా నలిగిపోయింది. మా సీనియర్ అరగంట క్లాసు పీకారు.

క్వాలిటీ ప్లానింగ్, అంటే ప్రివెన్షన్ వాళ్ల పని షాఫ్ట్ ఇంకా డ్రాయింగ్‌లో ఉండగానే మొదలవుతుంది. ఇది ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో ముందే రాసుకుంటారు. దాన్నే ఎఫ్‌ఎంఈఏ (ఫెయిల్యూర్ మోడ్ అండ్ ఎఫెక్ట్స్ అనాలిసిస్) అంటారు, 1949 నాటి అమెరికా సైన్యపు పద్ధతి. చెడితే ఎంత నష్టం, ఎంత తరచుగా చెడుతుంది, మన కళ్లుగప్పి పోయే అవకాశం ఎంత అని మూడింటికీ 10కి మార్కులు వేసి గుణిస్తారు. 8, 4, 6 వేస్తే 192. ఆటో రంగంలో 2019 హ్యాండ్‌బుక్ ఈ గుణకారం తీసేసి, దేన్ని ముందు సరిచేయాలో చెప్పే యాక్షన్ ప్రయారిటీ పెట్టింది. మీవాణ్ణి రెండూ చదవమనండి. ఇక అసలు పని: కీవే మూలకు రేడియస్ (గుండ్రటి వంపు) ఇప్పించడం, ఎన్ని ముక్కలకోసారి కట్టర్ మార్చాలో రాయించడం, లైన్‌లో కొలత చూసే గేజ్ పెట్టించడం. ఇది బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగలేదని అప్రైజల్‌లో చూపించుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు!

ఈ రెండూ కలిసిపోయినట్టు కనిపించేది రిపోర్టు దగ్గరే. చెడ్డ లాట్ పక్కన పెట్టించి, ఆపరేటర్‌కి ట్రైనింగ్ ఇచ్చామని రాసి ఫైలు మూసేస్తే అది ప్రివెన్షన్ కాదు. మన ఫార్మా కంపెనీల్లో కాపా (కరెక్టివ్ అండ్ ప్రివెంటివ్ యాక్షన్) అని రెంటినీ కలిపి ఒకే మాటగా పలుకుతారు, దాంతో కొత్తవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. నాణ్యత ప్రమాణమైన ఐఎస్ఓ 9001 అయితే 2015లో ప్రివెంటివ్ యాక్షన్ అనే విడి క్లాజునే తీసేసింది. రిస్కు ఆలోచన అన్ని పనుల్లోనూ ఉండాలంది.

నన్నడిగితే ముందు ల్యాబ్, ఒక రెండేళ్లు. విరిగినవాటిని చేత్తో పట్టుకోనివాడు ఎఫ్‌ఎంఈఏకి కూర్చుంటే పాత ప్రాజెక్టు ఎక్సెల్ షీటు కాపీ కొడతాడు. చాలామందిని చూశాను. మీవాడు డిజైన్ వాళ్లతో, ప్రొడక్షన్ వాళ్లతో వాదించి ఒప్పించే రకమైతే మాత్రం పటాన్‌చెరుకే పంపండి, అక్కడ ఆ నోరు అవసరం. ఆ 4 వేలలో కొంత రానుపోను ఖర్చులకే పోతుంది. బాలానగర్ మెట్రో మీకు పక్క స్టేషనే.

చేరే ముందు ల్యాబ్ వాళ్లని ఒక్క మాట అడగమనండి: రిపోర్టు ఇచ్చాక, కస్టమర్ ఎఫ్‌ఎంఈఏ షీటులో ఆ లోపం గురించిన లైను మార్చేటప్పుడు మీ ఇంజనీర్ అక్కడ ఉంటాడా? అది మా పని కాదంటే ఇంకోసారి ఆలోచించండి. మావాడూ వెళ్లి కూర్చుంటాడంటే, పటాన్‌చెరు వాళ్లకి ఆ రోజే సారీ చెప్పేయొచ్చు.